సలాలాలో ఒక రోజంతా లండన్ రేడియో

ఒమన్ వెళ్ళొచ్చానని తెలిసి మా వీధి ఆడవాళ్ళు బంగారం చూపించమన్నారు. ఆఫీసులో వాళ్ళు సెంటు సీసాలు అడిగారు. నేను అంత దూరం వెళ్ళింది లండన్ రేడియో వినడానికని చెబితే ఒక్కరూ నమ్మలేదు. ఒకావిడ నా నుదుటి మీద చెయ్యి వేసి కూడా చూసింది. అందుకే ఇదంతా రాస్తున్నాను. చదివాక కూడా నమ్మకపోతే నేను చేసేదేం లేదు.

మా ఊరి రేడియో కేంద్రంలో నాది చప్పుళ్ళు చేసే ఉద్యోగం. నాటకంలో వాన పడాలన్నా, బండి కదలాలన్నా, అత్తగారు తలుపు విసురుగా వెయ్యాలన్నా అది నా చేతుల్లోంచే రావాలి. ఆ పని నాకు నేర్పినవారు వీరభద్రం మాస్టారు. ఆయన యౌవనంలో రెండు నెలల శిక్షణకి లండన్ వెళ్ళొచ్చారు. "అక్కడ ఒక హాస్య కార్యక్రమానికి నేనే అడుగుల చప్పుడు చేశాను, దేశమంతా విన్నది" అనేవారు. ఏ కార్యక్రమం, ఏం జరిగింది అని అడిగితే మాట మార్చేసేవారు. దాంతో ఎవరూ నమ్మలేదు. వెనకాల అందరూ 'లండన్ వీరభద్రం' అనేవాళ్ళు. ఆయన పదవీ విరమణ సభలో ఒకతను ఆయనలా నడిచి చూపిస్తూ "ఇది లండన్ అడుగు, ఇది మన అడుగు" అని వేళాకోళం చేశాడు. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. మాస్టారు ఉపన్యాసం కాగితం మడిచి జేబులో పెట్టుకుని కూర్చుండిపోయారు. అది జరిగి ఏడేళ్ళు.

1992లో మా తమ్ముడు రమణ ఉత్తరం రాశాడు. వాడు ఒమన్‌లో సహం అనే ఊళ్ళో ఎలక్ట్రికల్ సూపర్‌వైజర్. సలాలాలో ఒక ముసలి ఇంగ్లీషు ఇంజనీరు దగ్గర పూర్వకాలపు లండన్ రేడియో కార్యక్రమాలు, పొద్దుటి నుంచి రాత్రి దాకా ఒక రోజువి మొత్తం, టేపుల మీద ఉన్నాయట. ఏటా ఆగస్టులో ఒక రోజు గడియారం ప్రకారం అవన్నీ వేసి అందరినీ పిలిచి వినిపిస్తాడట. చివర్లో రమణ ఇలా రాశాడు: "ఆ టేపుల్లో ఒకచోట ఇండియావాడు ఒకడున్నాడంటాడు అక్కా. ఎవరు, ఏం చేశాడు అంటే చెప్పడు. వచ్చి వినమంటాడు. ఈ ఆగస్టు కాగానే ఇంగ్లండు వెళ్ళిపోతున్నాడు, ఇదే ఆఖరు."

ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆ ఇండియావాడు పంజాబీ కావచ్చు, బెంగాలీ కావచ్చు. మా మాస్టారే అయితే మాత్రం, నిజం చెప్పిన మనిషిని చూసి ఇరవై ఏళ్ళు నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నట్టే. ఆ సంగతి తేల్చుకోకుండా ఉండలేననిపించింది. మాస్టారికి ఒక్క ముక్క చెప్పకుండా సెలవు పెట్టాను.

సహం

సముద్రం ఒక పక్క, ఖర్జూర తోటలు ఒక పక్క, మధ్యలో కొత్తగా లేస్తున్న ఇళ్ళు. సహం అంటే అంతే. ఆగస్టు ఎండకి కుళాయి తిప్పితే వేణ్ణీళ్ళు వస్తాయి. చన్నీళ్ళు కావాలంటే ముందురోజు బకెట్ పట్టి ఇంట్లో దాచుకోవాలి. మా మరదలు ఈ మాట చెబితే నవ్వాను కానీ, మొదటి రోజు స్నానంలో వీపు కాలాక నవ్వు ఆగిపోయింది.

అక్కడి దుకాణంలో మన కరివేపాకు, మన మజ్జిగ మిరపకాయలు, మన చింతపండు అన్నీ ఉన్నాయి. చింతపండు ధర విని నేను మన డబ్బుల్లోకి మార్చబోతే రమణ చేతులు జోడించాడు. "అక్కా, నీకు దణ్ణం పెడతా. ఇక్కడ లెక్క కట్టుకుంటే అన్నం సయించదు" అన్నాడు. కట్టకుండా ఉండగలనా? వారం రోజులూ మనసులో కట్టుకుంటూనే తిరిగాను.

సమాయిల్

శుక్రవారం అక్కడ సెలవు. కారులో సమాయిల్ చేరాం. రెండు రాతి కొండల వరసల మధ్య పొడుగ్గా పరుచుకున్న ఖర్జూర వనం అది. గెలలు పసుపు నుంచి నలుపుకి తిరుగుతున్నాయి. ఆ ఊరి నల్ల ఖర్జూరానికి చాలా పేరట. పండిందో లేదో చూడకుండా ఒక పసుపు కాయ కొరికాను. నోరంతా వగరుతో పట్టేసింది, గంటసేపు నా మాట నాకే ముద్దగా వినిపించింది.

రమణతో లోగడ ఒకే సైట్‌లో పనిచేసిన లింగయ్య అక్కడ ఇళ్ళు కట్టే కంపెనీలో మేస్త్రీ. జగిత్యాల దగ్గరి మనిషి. మేం వస్తున్నామని రూమ్‌లో ఎనిమిది మందీ కలిసి వంట చేశారు. అన్నం, పచ్చిపులుసు, ఎండు చేపల కూర, మామిడి తొక్కు. ముందు గ్లాసు నిండా చల్లటి మజ్జిగ చేతికిచ్చాడు.

"ఎండల వడి వచ్చినవ్ అక్కా, ముందుగాల గిది తాగు. ఈడ దీన్ని లబన్ అంటరు. మన సల్లనే" అన్నాడు.

భోజనాలయ్యాక అసలు సంగతికి వచ్చాడు. "అక్కా, రేడియోల గుర్రాలు ఉర్కుతయ్ గద, గవి నిజం గుర్రాలేనా?"

నాకు కావలసింది అదే. రెండు టీ గ్లాసులు బోర్లించి సిమెంటు బస్తా మీద కొట్టాను, మెత్తటి నేల మీద గుర్రం. గచ్చు మీద కొట్టాను, రాతి బాట మీద గుర్రం. బిస్కెట్ పొట్లం కాగితం నలిపితే మంట. ఒక్కో చప్పుడుకీ ఆ ఎనిమిది మందీ చిన్నపిల్లల్లా గోల. ఒకతను గ్లాసులు నా చేతుల్లోంచి లాక్కుని తనే గుర్రమైపోయాడు.

"వాన సెయ్యి అక్కా" అన్నాడు లింగయ్య. "మా దిక్కు రేకుల మీద పడే వాన. రెండేండ్లాయె ఇని."

అన్నం వడ్డించే రేకు పళ్ళెం వాల్చి, గుప్పెడు బియ్యం మెల్లగా జారవిడిచాను. ముందు చినుకులు, తర్వాత జల్లు, చివరికి కుండపోత. నేను ఆపి తలెత్తేసరికి లింగయ్య మొహం తిప్పుకుని కూర్చున్నాడు. ఇరవై ఏడేళ్ళ ఉద్యోగంలో ఎన్నో వానలు కురిపించాను కానీ, వినేవాళ్ళ మొహాలు చూడటం అదే మొదలు. రేడియోలో పనిచేసేవాళ్ళకి ఆ అదృష్టం ఉండదు.

ఎడారి మీద

మర్నాడు పొద్దున్నే సలాలా బస్సు. ఎనిమిది వందల కిలోమీటర్ల పైనే ఎడారి. కొండలు వెనకబడ్డాక నేల చదునైపోయింది. చెట్టు లేదు, గట్టు లేదు. గంటసేపు నిద్రపోయి లేచినా కిటికీలో అదే దృశ్యం. మధ్యలో ఒంటె ఒకటి రోడ్డు మీద నిలబడితే, అది తప్పుకునేదాకా బస్సంతా ఓపిగ్గా ఎదురుచూసింది. మన దగ్గరైతే ఈపాటికి నలుగురు దిగి అరిచేవాళ్ళు.

దారిలో భోజనానికి ఆగిన హోటల్లో అన్నం, వేయించిన చేప ఎనిమిది వందల బైసలు. మన డబ్బుల్లో యాభై రూపాయలు దాటుతుంది. నేను బల్ల దగ్గరే నిట్టూర్చాను, రమణ నా మొహం చూసి పళ్ళు నూరాడు.

తిరిగి బస్సెక్కేసరికి నా సంచిలో ఆవకాయ సీసా మూత వదులై నూనె సీటు మీదికి కారింది. బస్సంతా ఘుప్పుమని వాసన. సిగ్గుతో చచ్చిపోయాను. ముందు సీట్లోంచి ఒక ఒమానీ ముసలమ్మ వెనక్కి తిరిగి, ముక్కుతో గాలి పీల్చి, చెయ్యి చాపింది. వద్దు వద్దంటున్నా వినలేదు. తన రొట్టె తుంచి అద్దుకుని నోట్లో పెట్టుకుంది. కళ్ళలోంచి ధారగా నీళ్ళు. బస్సంతా ఊపిరి బిగబట్టి చూసింది. ఆవిడ తలగుడ్డ అంచుతో మొహం తుడుచుకుని, పకపకా నవ్వి, మళ్ళీ చెయ్యి చాపింది. సలాలా చేరేలోపు పావు సీసా ఖాళీ చేసింది.

సాయంత్రం కావస్తుండగా రమణ, "అక్కా, ఇక కిటికీలోంచి చూపు తిప్పకు" అన్నాడు. బస్సు కొండ అంచు దాటింది. అంతే, తెర తీసినట్టు పచ్చదనం. పొగమంచు, సన్నటి తుంపర, గడ్డి మేస్తున్న ఆవులు. అరేబియా దేశంలో ఆవులు! నేను సీట్లోంచి లేచి నిలబడ్డాను. డ్రైవర్ అద్దంలోంచి కూర్చోమని చెయ్యి ఊపాడు.

సలాలా

ఆ మూడు నెలల తుంపరని అక్కడ ఖరీఫ్ అంటారు. దాన్ని చూడటానికి దేశమంతా కదిలి వస్తుంది. వానొస్తే మనం చూరు కిందికి పరిగెడతాం. వాళ్ళు చాపలు పట్టుకుని బయటికి పరిగెడతారు. పెద్దవాళ్ళు, చంటిపిల్లలు, అందరూ గడ్డి మీద తడుస్తూ కూర్చుని టీ తాగుతున్నారు. నేనూ గొడుగు మూసేశాను.

రోడ్డు పొడుగునా కొబ్బరి, అరటి తోటలే. ఒక్క నిమిషం గోదావరి పక్కన ఉన్నాననుకున్నాను. కొబ్బరిబొండాం రెండు వందల బైసలు అనేసరికి అనుకోవడం మానేశాను. మా ఊళ్ళో ఆ డబ్బుకి నాలుగొస్తాయి.

ఖాదర్ మమ్మల్ని తీసుకెళ్ళడానికి వచ్చాడు. కడపవాడు. రేడియో, టీవీలు బాగుచేసే దుకాణంలో పని. ఆ ఇంగ్లీషు ఇంజనీరు పాత టేపు మిషన్‌ని ఎనిమిదేళ్ళుగా బతికిస్తున్నది అతనే.

"రాండక్కా, రాండి. ఆయప్ప పేరు హాల్టన్. మేమంతా రేడియో సాబ్ అంటాం" అన్నాడు. "మనసు బంగారం, తిక్క మాత్రం శానా ఎక్కువ. టైముకు ముందర ఒక్క ముక్క ఇననీడు. నేను మిషన్ రిపేరి చేసేటప్పుడు గూడా ఖాళీ టేపే ఏయల్ల!"

హాల్టన్‌కి అరవై దాటి ఉంటాయి. అరటి తోట మధ్య ఇల్లు. పొడుగ్గా, సన్నగా, మోకాళ్ళ దాకా నిక్కరులో ఉన్నాడు. నేను రేడియోలో చప్పుళ్ళు చేస్తానని రమణ చెప్పగానే నా రెండు చేతులూ పట్టుకుని అరిచేతులు తిప్పి చూశాడు. "కాయలు కాశాయి. మీరు నిజంగా ఆ పనిచేసే మనిషే" అన్నాడు ఇంగ్లీషులో.

నేను ఆగలేకపోయాను. ఆ ఇండియావాడి పేరేమిటని అక్కడికక్కడే అడిగేశాను.

"మేడమ్, రేపటి కార్యక్రమం ఇవాళ రేడియోలో వస్తుందా?" అన్నాడు. నా ఉద్యోగంతో నన్నే కొట్టాడు.

పొద్దున ఏడు నుంచి

మర్నాడు ఏడింటికి ముందే ఆ హాలు నిండింది. మలయాళీ నర్సులు ఇద్దరు, ఖాదర్ స్నేహితులు, నలుగురైదుగురు ఒమానీలు, వాళ్ళలో పక్కింటి సాలిం. సాలిం చేపలు పట్టేవాడు. ఖరీఫ్‌లో సముద్రం పోటెత్తి ఉంటుంది కనుక పడవ ఒడ్డునే ఉంది. బల్ల మీద టేపు మిషన్, పక్కన తొమ్మిది రీళ్ళు, గోడ మీద గడియారం.

హాల్టన్ కథ చెప్పాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళ కిందట ఆయనకి లండన్ రేడియోలో కొత్తగా ఉద్యోగం వచ్చింది. మొదటిసారి స్టూడియోలో అడుగుపెట్టే రోజు. కొడుకు ఏ కార్యక్రమంలో ఉంటాడో తల్లికి తెలియదు. అందుకని ఆవిడ టేపు మిషన్ ఒకటి అద్దెకి తెచ్చి, దాని మైకుని రేడియో ముందు పెట్టి, పొద్దుటి నుంచి ఆఖరు దాకా రీలు తర్వాత రీలు మారుస్తూ రోజంతా పట్టేసింది. నాకు ఆ తల్లిని చూడాలనిపించింది.

ముల్లు ఏడు మీదికి రాగానే మిషన్ మొదలైంది. ముందు గరగర, తర్వాత బాజాలు. సలాలా తుంపరలో లండన్ పొద్దు!

ఆ రోజు ఎన్ని విన్నామో! ఫ్యాక్టరీల్లో పనివాళ్ళు చేతులు ఆపకుండా వినడానికని హుషారు పాటలు అరగంట. గుడ్లు లేకుండా కేకు చేసే పద్ధతి ఒకావిడ చెప్పింది, నర్సులిద్దరూ రాసుకున్నారు. పిల్లల కథ. డాక్టరు గారి కుటుంబం గురించి రోజువారీ నాటకం, అందులో కోడలు అలిగి పుట్టింటికి పోతానంటుంది. "అన్ని దేశాల్లోనూ ఇదే గోల" అన్నాడు ఖాదర్. వీటన్నిటి మధ్య హాల్టన్ వాళ్ళమ్మ వంటింటి శబ్దాలు కూడా పడ్డాయి. కెటిల్ కూత, కుర్చీ జరిగిన చప్పుడు, అప్పుడప్పుడు ఎవరికో "ష్!" అని కసురు. ఆ "ష్" వచ్చినప్పుడల్లా హాల్టన్ చిన్నగా నవ్వేవాడు.

మధ్యాహ్నం అందరం కింద కూర్చుని ఒకే పెద్ద పళ్ళెంలో అన్నం, కొబ్బరిపాలతో వండిన చేప తిన్నాం. నా వైపు మంచి ముక్కలు తోస్తూనే ఉన్నాడు సాలిం. మన ఇళ్ళలో ఎవరి విస్తరి వాళ్ళది, గీత గీసినట్టుంటుంది. ఇక్కడ అతిథి ముందున్నది తరిగితే పక్కవాడు సిగ్గుపడతాడు.

సాయంత్రం సముద్ర వాతావరణం చదివారు. ఏ సముద్రంలో ఎంత గాలి, ఎంత అల అని. ఎప్పటిదో కబురు, ఎక్కడిదో నీరు. సాలిం మాత్రం మోకాళ్ళ మీద వంగి కళ్ళార్పకుండా విన్నాడు. అయిపోయాక గట్టిగా ఊపిరి వదిలాడు. వాళ్ళెవరో క్షేమంగా ఒడ్డుకి చేరాలని కోరుకున్నట్టుంది ఆ మొహం.

బిస్కెట్ డబ్బాలో రీలు

ఇంతలో ఆపద వచ్చింది. ఉన్న రీలు తిరుగుతుండగానే హాల్టన్ రాత్రికి వెయ్యాల్సిన రీలు చేతిలోకి తీసుకున్నాడు, అతని మొహం మారిపోయింది. ఖరీఫ్ చెమ్మకి టేపు పొరలు ఒకదానికొకటి అంటుకున్నాయి. ఏడున్నరకి రావలసిన హాస్య కార్యక్రమం అందులోనే ఉంది. "మీ ఇండియావాడు కూడా ఇందులోనే" అన్నాడు నా వైపు తిరిగి.

ఖాదర్ చేతులు తుడుచుకుని, "లాగితే పొర ఊడొచ్చాదక్కా. ఇంగ అయిపాయ" అన్నాడు.

"ఎవరూ దాన్ని ముట్టుకోవద్దు" అన్నాను. మా ఆఫీసు గొంతు బయటికొచ్చేసింది. తుఫాను రోజుల్లో మా టేపులకీ ఇదే జబ్బు. మా దగ్గర మందు కూడా ఉంది. రేకు డబ్బాలో రీలు పెట్టి, పైన నలభై కాండిల్ బల్బు వేలాడదీసి, కోడి గుడ్లు పొదిగినట్టు ఓపిగ్గా కూర్చోవాలి. హాల్టన్ వంటింట్లో పెద్ద బిస్కెట్ డబ్బా దొరికింది. రమణ బల్బు కట్టాడు. అయిదుం పావుకి పెట్టాం. పావుగంటకోసారి తీసి రీలుని మరో వైపు తిప్పాను. హాల్టన్ నన్ను వదలకుండా పక్కనే నిలబడ్డాడు. గోడ గడియారం వైపు చూడటానికి ఇద్దరికీ ధైర్యం లేదు.

ఏడుం పావుకి టేపు అంచు నా గోటికి సులువుగా లేచింది. కొంచెం విప్పి చూశాను, పొర ఊడలేదు. ఖాదర్ "అల్లా!" అని రెండు చేతులూ పైకెత్తాడు.

ఏడున్నర

హాలులో చప్పట్లు, లండన్‌లోవి. ఎదురుగా జనాన్ని కూర్చోబెట్టి నేరుగా ప్రసారం చేసిన కార్యక్రమం అది. ఒక హాస్యనటుడు ముసలావిడ గొంతుతో మాట్లాడుతున్నాడు. ఆవిడ ఇంట్లో దొంగ దూరాడు. పోలీసు ఇన్‌స్పెక్టరుకి కబురు పెట్టింది. కంకర మీద పరుగెత్తుకొస్తున్న బూట్ల అడుగులు. తలుపు తెరిచిన చప్పుడు.

అప్పుడు వినిపించింది. గుమ్మానికి అరచెయ్యి ఆనిన చిన్న చప్పుడు. ఒక బూటు నేల మీద ఠప్పుమంది. కాస్త ఆగి రెండోది. తర్వాత వట్టి పాదాలు లోపలికి నడిచాయి.

నేను కుర్చీలోంచి లేచిపోయాను. "మా మాస్టారు! మా మాస్టారు!" అని తెలుగులో అరిచాను.

మా కేంద్రంలో ఏ పాత్ర ఏ ఇంట్లోకి వచ్చినా ఆ చప్పుడు ఉండి తీరాలి. "గుమ్మం దగ్గర చెప్పులు విడవకపోతే ఆ మనిషి ఇంట్లోకి వచ్చినట్టు వినేవాడు ఎలా నమ్ముతాడు? ఒంటి కాలి మీద నిలబడాలి కదా, గోడకి చెయ్యి ఆనించు ముందు" అని మాస్టారు నాకు నేర్పారు. ముందు చెయ్యి, తర్వాత ఒకటి, ఆగి ఇంకొకటి. ఇరవై ఏడేళ్ళుగా నేను అదే చేస్తున్నాను. దొంగని పట్టుకోవడానికి పరుగున వచ్చిన లండన్ ఇన్‌స్పెక్టరు చేత గుమ్మంలో బూట్లు విప్పించడం ఈ లోకంలో ఇంకెవరికి తోస్తుంది?

టేపులో రెండు క్షణాలు నిశ్శబ్దం. తర్వాత ముసలావిడ గొంతు, "ఏమండీ ఇన్‌స్పెక్టర్ గారూ, దొంగని పట్టుకుంటారా, పడుకుంటారా?" అంది. లండన్ జనం విరగబడి నవ్వారు. కొంతసేపటికి దొంగ తప్పించుకుని మళ్ళీ ఇంట్లోకి దూరాడు. బూట్లతోనే నడిచాడు. ముసలావిడ ఊరుకుంటుందా? "ఏయ్, బూట్లు విప్పు! పోలీసులకున్న మర్యాద దొంగలకి లేదు!" అంది. ఆ నవ్వులకి టేపు పగిలిపోతుందనుకున్నాను. చప్పట్లు ఎంతకీ ఆగలేదు.

మా హాలులో మాత్రం హాల్టన్ తప్ప ఎవరూ నవ్వలేదు. సాలిం అయోమయంగా అందరి మొహాలూ చూశాడు.

"ఏ లోగ్ క్యోం హస్తా?" అన్నాడు, ఆ దేశంవాళ్ళు మనవాళ్ళతో మాట్లాడే హిందీలో. "ఆద్మీ ఘర్ మే జాతా, జూతా నికాల్తా. సహీ హై నా?" మనిషి ఇంట్లోకి పోయేటప్పుడు బూట్లు విప్పుతాడు, సరిగ్గానే చేశాడు కదా, ఎందుకు నవ్వుతున్నారని అతని ప్రశ్న. ఖాదర్, రమణ తలలూపారు. గుమ్మం బయట మా అందరి చెప్పులూ వరసగా ఉన్నాయి. ఇక నవ్వు ఆపుకోలేకపోయాను, కళ్ళలో నీళ్ళు కూడా ఆగలేదు.

హాల్టన్ మిగతాది చెప్పాడు. ఆ రోజు కంకర తొట్టి పట్టుకుని నిలబడటమే ఆయన పని. అసలు చప్పుళ్ళ మనిషికి జ్వరం వస్తే శిక్షణకి వచ్చిన ఇండియన్‌ని నిలబెట్టారు. మొదటి నవ్వు రాగానే ఆ ఇండియన్ మొహం పాలిపోయింది. వెనక తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు. దొంగ అడుగులు హాల్టనే వేయాల్సి వచ్చింది. "తర్వాతి వారం నటుడు వస్తూనే, బూట్లు విప్పిన ఆయన ఎక్కడ అని అడిగాడు. ఆయన కోసం కొత్త సన్నివేశం రాయించుకొచ్చాడు. వెతికాం. అప్పటికే ఓడ ఎక్కేశారు. నేను నాలుగు వారాలు ఆ బూట్లు విప్పి చూశాను మేడమ్. ఒక్కరూ నవ్వలేదు" అన్నాడు.

ఆ అరగంటా కేసెట్ మీదికి ఎక్కించి నా చేతిలో పెట్టాడు.

బందరు

ఇంటికొచ్చిన రెండో రోజే బందరు వెళ్ళాను. మాస్టారు అక్కడే కూతురి దగ్గర ఉంటున్నారు. డెబ్బైకి దగ్గరపడ్డారు. వరండాలో కుర్చీలో కూర్చోబెట్టి, ఏమీ చెప్పకుండా టేప్ రికార్డర్ నొక్కాను.

ముందు ఇంగ్లీషు గొంతు. కంకర అడుగులు, తలుపు, అరచెయ్యి, ఒక బూటు, ఇంకో బూటు. మొదటి నవ్వు రాగానే "ఆపెయ్యమ్మా" అన్నారు. నేను ఆపలేదు. దొంగ వచ్చాడు. "పోలీసులకున్న మర్యాద దొంగలకి లేదు" అన్న మాట వచ్చింది. చప్పట్లు వచ్చాయి. ఆయన తల ఎత్తారు.

"ఇదెప్పుడు జరిగింది?"

"మీరు వెళ్ళిపోయాక."

"నేను మెట్లు దిగుతుంటే నవ్వులు వినబడుతూనే ఉన్నాయి సరోజా. నా గురించే అనుకున్నాను."

"మీ గురించే మాస్టారూ. తర్వాతి వారం మీకోసం వెతికారట. బూట్లు విప్పిన ఆయన ఎక్కడ అని అడిగారట. మీ కోసం కొత్త సన్నివేశం కూడా రాశారట."

నేను అనాలనుకున్న మాట అనేశాను. "మీ సభలో నేను కూడా నవ్వాను. క్షమించండి."

"తెలుసు. నీ నవ్వు నేను గుర్తుపట్టనా? ఇరవై ఏళ్ళు మైకు ముందు నవ్వించాను నిన్ను" అన్నారు. ఆయన నా భుజం మీద తట్టారు.

తర్వాత ముందుకి వంగి, "రెండో బూటు కాస్త ఆలస్యమైంది" అన్నారు. "మళ్ళీ వెయ్యి. ఈసారి సౌండు పెంచు, పక్కింటి వాళ్ళక్కూడా వినబడాలి."